వలయం బయటి చుక్కలు

నమూనా 1
ఊరు: సుద్దకుంట. నూనె: ఆముదం. చుక్క: లోపల.

వివరం: ఈ గడిని ఇన్నేళ్లూ ఖాళీగానే వదిలేశాను. ఇక వదలకూడదట. డిపో పెద్ద కదిరప్ప పొద్దున గదిలోకి వచ్చి పుస్తకం తిరగేశాడు.

"ఏమప్పా అక్కులప్పా, అన్నీ బోడి గళ్లే. నోరు ఎట్లాగూ ల్యా నీకు. చెయ్యన్నా ఆడనీ. ఏం జరిగిందో రాయి."

సరే అన్నాను. ఆముదం ఇంజనుకు పోస్తారు. ఇంజను బోరు నీళ్లు లాగుతుంది. సుద్దకుంట వాళ్లు నూనె దించి, దానికి బదులు ఆ పీపాల నిండా నీళ్లు పట్టుకుని వెళ్లారు. ఇంతకంటే ఏమీ జరగలేదు.

నమూనా 4
ఊరు: ఊటకల్లు. నూనె: కుసుమ. చుక్క: లోపల.

వివరం: గది తుడిచాను. డిపోలో చల్లగా ఉండే గది ఇదొక్కటే. ఆ చల్లదనం నాకోసం కాదు, పెట్టె కోసం. బయట రేకుల మీద వాలిన కాకి కాళ్లు కాలి ఎగిరిపోయింది. ఈ ఏడు ఎండ అలా ఉంది.

ఏం పని చేస్తావని నీళ్లకు వచ్చినవాళ్లు కిటికీలోంచి అడుగుతుంటారు. చెప్పడం నాకు రాదు. రాస్తాను.

నూనె బొట్టును మందుతో మరిగించి, సూదితో పెట్టెలోకి ఎక్కిస్తాను. లోపల వెంట్రుకంత సన్నటి గొట్టం చుట్టలు చుట్టలుగా ఉంటుంది. నూనెలోని కొవ్వు ఆమ్లాలు ఆ గొట్టంలో నడిచి, ఒకదాని వెనక ఒకటి బయటపడతాయి. పడ్డప్పుడల్లా కాగితం మీద ఒక గుట్ట లేస్తుంది. ముఖ్యమైనవి అయిదు గుట్టలు. మేం తినే నూనెలన్నింటిలో ఇంచుమించు ఆ అయిదే. తేడా ఎత్తుల్లో. వేరుశనగలో మూడో గుట్ట అన్న, నాలుగోది తమ్ముడు. కుసుమలో, పత్తిగింజలో తమ్ముడే పొడుగు.

అయితే ఒక్క గుట్టను చూసి తీర్పు చెప్పకూడదని నాకు పని నేర్పినామె చెప్పింది. పెట్టె అయిదింటినీ కలిపి లెక్కగట్టి, తనకు అమర్చిన వెలిగే అద్దం మీద ఒకే చుక్క పెడుతుంది. ఒక జాతి నూనెల చుక్కలన్నీ ఒకచోట గుంపుగా చేరతాయి. ఆ గుంపు చుట్టూ వలయం గీసి ఉంటుంది. వేరుశనగ నూనె చుక్క వేరుశనగ వలయంలో పడితే కల్తీ లేనట్టు. బయట పడితే ఉన్నట్టు. గీత మీద పడితే లోపలే అని లెక్క.

వలయాలు గీసింది ఉబ్బు ఏటి తర్వాత. ఆ ఏడు కల్తీ నూనె తిని, కాళ్లు ఉబ్బి, ఊపిరాడక మూడు ఊళ్ల జనం పోయారు. నా ఇంటామె కూడా పోయింది. అప్పటినుంచి ఆ గీతలను ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోకూడదని కట్టు.

నమూనా 7
ఊరు: గుండాలవాగు. నూనె: వేరుశనగ. చుక్క: బయట.

వివరం: నూనె తెచ్చిన గానుగ మనిషి పెరట్లో, డిపో గానుగకు ఎదురుగా, బండ మీద కూర్చోవాలి. నేను గుమ్మంలోకి వచ్చి ఒక్క మాట అంటాను. లోపల అంటే లేచి వెళ్లిపోతాడు. బయట అంటే అతని కుడి చెయ్యి గానుగ రోట్లో పెడతారు. మా దగ్గర ఎద్దులు లేవు. కాపలావాళ్లే నలుగురు కాడి పట్టి తిప్పుతారు.

ఇవాళ కూర్చున్నది హుసేనప్ప. నాకు బాగా తెలిసినవాడు. చుక్క బయట పడింది. మళ్లీ పెట్టాను. అక్కడే పడింది. సూది మార్చి పెట్టాను. అక్కడే.

గుమ్మంలోకి వచ్చాను.

"ఏం పెద్దాయప్పా, ఇంతసేపా? బిరీన చెప్పు, బండ కాలిపోతాండాది," అని నవ్వాడు హుసేనప్ప.

బయట అన్నాను.

నవ్వు అతని ముఖం మీద అలాగే ఉండిపోయింది. కాపలావాళ్లు వచ్చి భుజాలు పట్టుకున్నాక గానీ పోలేదు.

"మా శెనక్కాయే సామీ! మా గింజే! రవ్వంత కూడా కలపలా!"

"అందరూ అదే అంటారు," అన్నాడు కదిరప్ప. "తిప్పండ్రా."

ముందు వేళ్లు పోయాయి. రోకలి కింద ఎండు కొమ్మలు విరిగినట్టు చప్పుడు. మణికట్టు దగ్గర రోకలి ఆగింది. కాపలావాళ్లు ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ తోశారు. నూనె కారే కంతలోంచి రక్తం కారి, కింద పెట్టిన గిన్నెలో పడింది. గిన్నె తీయడం ఎవరికీ గుర్తు లేదు. హుసేనప్ప అరవడం ఆపేశాక అతని భార్య మొదలుపెట్టింది.

నమూనా 9
ఊరు: సుద్దకుంట. నూనె: వేరుశనగ. చుక్క: బయట.

వివరం: వీళ్ల గానుగ మనిషి నా మాట కోసం ఆగలేదు. గుమ్మంలో నా ముఖం చూసి అర్థం చేసుకున్నాడు. నడుములోంచి కొడవలి తీసి దగ్గరున్న కాపలావాడి కడుపులో దించాడు. ఇంకొకడి చెవి తెగింది. మిగిలినవాళ్లు అతణ్ణి ఈటెలతో బండకు గుచ్చేశారు. చచ్చాక కూడా కట్టు తప్పకూడదని కుడి చెయ్యి రోట్లో పెట్టి తిప్పారు.

సాయంత్రం కదిరప్ప దగ్గరికి వెళ్లాను. చెప్పవలసింది దారిలో రెండుసార్లు వల్లించుకున్నాను.

"రెండు చుక్కలూ ఒకే పక్కకి పోయినాయి సామీ. కుడి పక్కకి. అన్న పెరిగినాడు, తమ్ముడు తగ్గినాడు. రెండిట్లోనూ అంతే. ఇద్దరూ దొంగలైతే తలా ఒక దిక్కు పోవాల కదా."

"ఇద్దరు దొంగలూ ఒకే సంతలో కొన్నారేమో."

"ఎండకి గింజే మారిందేమో అని."

"మామిడిచెట్టుకి ఎండెక్కువైతే చింతకాయలు కాస్తాదా?"

పక్కనున్న కాపలావాళ్లు నవ్వారు. నేను ఇంకా ఏదో అనబోయాను. కదిరప్ప చెంప మీద కొట్టాడు. పన్ను ఊడింది. తర్వాత తానే నీళ్లు ఇచ్చి పుక్కిలించమన్నాడు.

"అక్కులప్పా, నీ పెండ్లాం యట్ల పోయిందో మరిచిపోయినావా? ఆ గీతలు గీసినాకనే కదా చావులు ఆగినాయి. గీత జరిగిందని ఒక్కసారి అన్నామంటే, ప్రతి దొంగా జరిగిందంటాడు."

ఆ చావులు ఆగిన మాట నిజమే.

నమూనా 14
ఊరు: పులిమడుగు. నూనె: వేరుశనగ. చుక్క: లోపల.

వివరం: ఈ ఏడు లోపల పడిన వేరుశనగ ఇదే మొదటిది. నట్టనడుమ పడింది. బయట పడినవి ఇప్పటికి నాలుగు. ఆ నాలుగు చేతుల గురించి విడిగా రాయలేదు. అన్నీ ఒకటే.

"చూసినావా?" అన్నాడు కదిరప్ప నాతో. "ఎండ వీళ్లూర్లో కాయలేదా? మనిషి మంచోడైతే నూనె మంచిది."

పులిమడుగు గానుగ మనిషి పేరు తిమ్మరాజు. లోపల అని నేను చెప్పాక కూడా బండ మీదనుంచి లేవలేదు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని కూర్చున్నాడు. కాపలావాడు లేపి నిలబెడితే వాంతి చేసుకున్నాడు. ఎండదెబ్బ అన్నారు.

నూనెను డిపో వంటింటికీ, పెరటి గుడిసెల వాళ్లకూ పంచారు.

నమూనా 16
ఊరు: లేదు. నూనె: నేను కలిపినది. చుక్క: లోపల.

వివరం: హుసేనప్ప నూనె సీసా అడుగున కొంచెం మిగిలింది. అందులో అయిదో వంతు కుసుమ నూనె పోసి పెట్టెకు ఎక్కించాను. చుక్క వలయంలోకి వచ్చింది. అంటే ఈ ఏడు ఏమీ కలపని నూనె బయట పడుతుంది, కలిపినది లోపల పడుతుంది.

కిటికీ దగ్గర వన్నూరమ్మ నిలబడి చూస్తోంది. నా చెల్లెలి కూతురు. నల్లదిన్నె గానుగ ఆమెదే. మొగుడు పోయాక తనే ఆడిస్తోంది. వచ్చే నీళ్ల రోజున ఆమె నూనె తేవాలి.

"ఏం మామా, ఏం వండుతాండావు?"

"కలిపి చూస్తాండా."

"నువ్వే కల్తీ చేస్తాండావా!" అని నవ్వింది. "కదిరప్పకి చెప్పేదా?"

అంతా చెప్పాను. చెప్పాక ఆమె నవ్వలేదు.

"నువ్వూ కలుపు వన్నూరీ. కుసుమ తింటే ఎవురూ చావరు."

"కలిపితే మంచి నూనె, కలపకుంటే కల్తీ నూనె. బాగుండాది న్యాయం. నీ పెట్టెకి ఎండంటే ఏం తెలుసు మామా? చల్లగా కూర్చోనుండాది."

"నీ చెయ్యి..."

"నా చెయ్యే. తెలుసు. కుసుమ యాడుండాది మామా? ఊటకల్లు వాళ్లకి తప్ప ఎవురికి పండింది ఈ యేడు? మా గట్ల మీద లేసిందల్లా బలురక్కసే. ఉన్యా కలపను. నా నూనె మంచిది. మంచిదానికి మచ్చ నేనే పెట్టుకోవాల్నా?"

ఆమె వెళ్లాక సూది కడిగాను. బలురక్కసి అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. ముళ్ల ఆకు, పసుపు పువ్వు, ఆవగింజలాంటి నల్లగింజ. ఉబ్బు ఏటి విషం అదే.

నమూనా 17
ఊరు: లేదు. నూనె: బలురక్కసి. చుక్క: దీనికి వలయం లేదు.

వివరం: డిపో గోడ వెంట దొరికిన గింజలు నలిపి నూనె తీశాను. తమ్ముడు గుట్ట ఆకాశానికి లేచింది. దీన్ని హుసేనప్ప నూనెలో నాలుగో వంతు కలిపి ఎక్కించాను. చుక్క వేరుశనగ వలయంలో పడింది. నట్టనడుమ, పులిమడుగు చుక్క పడిన చోటే.

పెట్టెకు కొవ్వు ఒక్కటే కనిపిస్తుంది, విషం కనపడదు. ఈ విషాన్ని రంగు మార్చి చూపించే ఆమ్లం పాతరోజుల్లో ఉండేదట. సీసాలు ఖాళీ అయి చాలా ఏళ్లయింది.

కదిరప్పకు చెప్పాలని పరిగెత్తాను. వంటింటి ముందు ఇద్దరు పిల్లలు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఒకడు తన కాలు నొక్కి చూసుకుంటున్నాడు. వేలు పెట్టిన చోట గుంట పడి అలాగే ఉంది. రెండో పిల్ల ఊపిరికి ఎగపోస్తోంది.

కదిరప్ప లేడు. కాపలావాళ్లందరితో గుండాలవాగుకు పోయాడని చెప్పారు. డిపోలో ఉబ్బు కనపడగానే అది హుసేనప్ప ఊరి పనేనని తేల్చాడట. బయట పడిన నూనెను వాళ్లు దొంగతనంగా పెరటి గుడిసెల వాళ్లకు అమ్మారట. పులిమడుగు నూనె లోపల పడింది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించలేదు. ఇంకా అదే వండుతున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి జాడీని కాలితో తన్నాను. వంటామె నన్ను గరిటెతో కొట్టింది.

పొద్దు వాలేసరికి గుండాలవాగు వైపు పొగ లేచింది. గానుగలే కాదు, ఇళ్లూ తగలబెట్టారు. తిరిగొచ్చిన కాపలావాళ్ల ఈటెల మీద వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. నేను నమూనా 17 గురించి కదిరప్పకు చెప్పాను. ఆయన విన్నాడు. పూర్తిగా విన్నాడు.

"ఇప్పుడు చెప్తే ఏమైతాది?" అన్నాడు. "ఊరు కాల్చినాక చెప్తే?"

ఈసారి కొట్టలేదు. నా గది బయట ఇద్దరు కాపలావాళ్లను పెట్టాడు.

నమూనా 21
ఊరు: నల్లదిన్నె. నూనె: వేరుశనగ. చుక్క: బయట.

వివరం: నీళ్ల రోజు. పెరడంతా జనం. డిపోలో అప్పటికి పదకొండుమందిని పూడ్చారు. వన్నూరమ్మ బండ మీద కూర్చుంది. ఆమె నూనె చుక్క ఎక్కడ పడుతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అక్కడే పడింది.

నేను గుమ్మంలోకి రాగానే ఆమె లేచి నిలబడింది.

"మామా, ఆ మాట అనొద్దు. నేనొక మాట చెప్పినాక అను. ఎదుట ఆడించమని అడుగుతాండా."

జనం గుసగుసలాడారు. ఎదుట ఆడించడం పాత హక్కు. అందరి కళ్లముందూ గింజ ఆడించి, ఆ నూనెనే పరీక్ష పెట్టమని అడగొచ్చు. అడిగి ఓడితే రెండు చేతులూ పోతాయి. అందుకే ఎవరూ అడగరు.

"ఆడిస్తాంలే," అన్నాడు కదిరప్ప. "మీ కాయ తెచ్చినావా?"

"మా కాయ వొద్దు. మేమేదో చేసినామంటావు. నీ తోట కాయ తియ్యి, డిపో కాయ. ఈళ్లంతా ఒలుస్తారు. ఈ గానుగలోనే ఆడించు. అది లోపల పడితే నా రెండు చేతులూ తీస్కో. బయట పడితే నువ్వే దొంగవి, లేకుంటే నీ గీతే దొంగది."

ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. డిపో తోటకు బోరు నీళ్లు పారతాయి. ఊళ్ల కాయలు మాడినట్టు ఆ కాయలు మాడలేదు. వాటి నూనె అంతగా మారి ఉండకపోవచ్చు. చెప్పడానికి నోరు తెరిచాను. కదిరప్ప అప్పటికే కాయలు తెమ్మని కేకేశాడు. ఆయన ముఖంలో ధీమా చూశాను. ఆయనకూ ఆ సంగతి తట్టిందనుకుంటాను.

జనం కూర్చుని ఒలిచారు. ముసలివాళ్లు, పిల్లలు, నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు. ఒలుస్తూ ఒక్కరూ నోట్లో వేసుకోలేదు. రోలు కడిగారు. రోటి కంతలో ఇరుక్కున్న గోరు ఒకటి బయటికి వచ్చింది. కాపలావాళ్లు కాడి తిప్పారు. నూనె కారింది. గిన్నెను అందరికీ చూపించి నా చేతికిచ్చారు. అది ఇచ్చినవాడు హుసేనప్ప. ఎడమచేత్తో ఇచ్చాడు. కుడి మణికట్టు కింద ఏమీ లేదు. గుండాలవాగు మంటల తర్వాత అతని భార్యా లేదు.

పెట్టెకు ఎక్కించాను. గుట్టలు లేచాయి. చుక్క పడింది.

గీత మీద.

కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. సగం లోపల, సగం బయట. గీత మీద పడితే లోపలే అని నేను పుస్తకంలోనే రాశాను. నాకు నేర్పినామె మొదటి రోజు నేర్పింది అదే.

గుమ్మంలోకి వచ్చాను. గానుగ పక్కన కాపలావాళ్లు వన్నూరమ్మ రెండు చేతులూ పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఆమె చేతులకు ఇంకా పప్పు పొట్టు అంటుకుని ఉంది. నన్ను చూడటం లేదు, రోటిని చూస్తోంది.

బయట అన్నాను. ఎప్పుడూ నా మాట ముందు వరసకు కూడా వినపడదు. ఇవాళ గేటు దాకా వినపడింది.

"అబద్ధం!" అన్నాడు కదిరప్ప. "నేను చూస్తా. జరగండి, అద్దం నేను చూస్తా!"

నా గది వైపు నాలుగు అడుగులు వేశాడు. అయిదో అడుగు పడలేదు. హుసేనప్ప పప్పు కొలిచే ఇనుప శేరుతో వెనకనుంచి తల మీద కొట్టాడు. కదిరప్ప మోకాళ్ల మీద పడ్డాడు. అప్పుడు లేచారు జనం. అందరూ ఒక్కసారే లేచారు. ఒక కాపలావాడు ఈటె ఎత్తేలోపు అతని మీద నలుగురు ఆడవాళ్లు పడ్డారు. వాళ్లు లేచేసరికి అతనికి ముఖం లేదు. ఇంకొకడు నీళ్ల తొట్టిలోకి దూకాడు. తల పైకి రానీయకుండా బిందెలతో కొట్టారు. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ నీళ్ల కోసమే వాళ్లంతా నడిచి వచ్చింది.

కదిరప్ప చెయ్యి రోట్లో పెట్టారు. కాడి పట్టడానికి పోటీ పడ్డారు. మణికట్టు దగ్గర ఆగుతుంది కదా. ఆపలేదు. మోచెయ్యి దాకా, భుజం దాకా తిప్పారు. ఆయన మొదట బూతులు తిట్టాడు, తర్వాత తల్లిని పిలిచాడు.

"చాలు!" అని వన్నూరమ్మ ఒకసారి అరిచింది. ఎవరూ వినలేదు. రెండోసారి అరవలేదు.

అంతా అయ్యాక ఆమె నా గదిలోకి వచ్చింది. ఈ గదిలోకి రావడం అదే మొదలు. అద్దం ముందు నిలబడింది. చుక్క అక్కడే ఉంది.

"గీత మీదుండాదే."

"ఉండాది."

"గీత మీదంటే ఏమి లెక్క మామా?"

"లోపలే."

వన్నూరమ్మ తన రెండు చేతులూ ఎత్తి చూసుకుంది. తర్వాత అద్దం ఆర్పేసింది.

నమూనా 14, మళ్లీ
ఊరు: పులిమడుగు. నూనె: వేరుశనగ. చుక్క: లోపల.

వివరం: తిమ్మరాజును కట్టి తెచ్చారు. ఉబ్బు చావులు అప్పటికి ఇరవై ఆరు. పిల్లలే ఎక్కువ. ఇప్పుడు కదిరప్ప కుర్చీలో వన్నూరమ్మ కూర్చుంటోంది. కావాలని అడగలేదు. జనం కూర్చోబెట్టారు.

తిమ్మరాజు దాచలేదు.

"కలిపినా తల్లీ. బలురక్కసే. సుద్దకుంట వాన్ని బండకి గుచ్చినప్పుడు నేను నీళ్ల వరసలో నిలబడి చూసినా. కలపకుంటే నా చెయ్యి పోతాది. కుసుమ యాడా దొరకలా. రవ్వంతేలే, చావరులే అనుకున్యా."

"మా పిల్లోడు రవ్వంతే తిన్యాడు!" అని ఒకామె అరిచింది.

పరీక్ష లేకుండా ఎవరినీ రోట్లో పెట్టకూడదని వన్నూరమ్మ అంది. మిగిలిన నూనె ఎక్కించాను. గుమ్మంలోకి వచ్చాను.

లోపల అన్నాను. నిజమే చెప్పాను.

జనం నవ్వారు. అలాంటి నవ్వు నేనెప్పుడూ వినలేదు.

"పెట్టె వీనికి సాక్ష్యం చెప్తాండాది!" అని ఎవడో అన్నాడు.

"వన్నూరీ," అన్నాను, "వాడు గీతకి భయపడి కలిపినాడు."

"భయం నాకూ ఉండింది మామా."

కుర్చీలోంచి లేచి వచ్చింది. ఈసారి చెయ్యితో ఆగేది లేదని జనం ముందే చెప్పేశారు. కాడి పట్టడానికి ముగ్గురే ముందుకొచ్చారు. నాలుగో చోటు ఖాళీగా ఉంది. ఆమె కొంగు నడుముకు దోపి, నేను కాపాడాలనుకున్న ఆ కుడిచెయ్యిని కాడి మీద వేసింది.

తిమ్మరాజు చాలాసేపటికి గానీ చావలేదు.

నమూనా 22
ఊరు: అన్ని ఊళ్లు. నూనె: వేరుశనగ. చుక్క: ఇంకా వలయం లేదు.

వివరం: కొత్త వలయం గీయమంది వన్నూరమ్మ. ప్రతి ఊరి కాయనూ పెరట్లో అందరి ముందూ ఆడించాం. ఏ కల్తీ లేదని అందరూ చూశారు. చుక్కలు అద్దం కుడిపక్కన గుంపు కట్టాయి. పాత వలయంలో ఒక్కటీ పడలేదు. డిపో తోట చుక్క ఒక్కటే కొత్త గుంపుకు దూరంగా, పాత గీత మీదే నిలబడి ఉంది.

గీయబోతే పెట్టె అద్దం మీద ప్రశ్న వేసింది. నూటికి ఎన్ని లోపల ఉండాలి?

"ఇదేంది?" అంది వన్నూరమ్మ. ఆమె నా వెనకే నిలబడి ఉంది.

"గీత ఎంత పెద్దదో మనం చెప్పాల."

"నూరు పెట్టు. ఒక్క మంచి నూనె కూడా బయట పడగూడదు."

నూరు పెట్టాను. వలయం, ఎప్పటికైనా పడగల చుక్కకు కూడా చోటిస్తూ, అద్దం అంచులు దాటిపోయింది. తిమ్మరాజు నూనె లోపల. పత్తిగింజ లోపల. ఇంజను ఆముదం కూడా లోపలే.

"తగ్గించు."

తొంభై తొమ్మిది పెట్టాను. ఆముదం పోయింది, పత్తిగింజ పోయింది. తిమ్మరాజు నూనె అంచుకు లోపల ఉంది.

"ఇంకా."

తొంభై అయిదు పెట్టాను. తిమ్మరాజు చుక్క గీత దాటి బయటికి వచ్చింది.

"ఆగు. ఇది చాలు."

"మిగతా అయిదు?" అన్నాను.

"ఏమి అయిదు?"

"నూటికి అయిదు మంచి నూనెలు బయట పడతాయి. ఎవురూ ఏమీ కలపకపోయినా పడతాయి. కదిరప్ప కాలంలోనూ అంతే."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"మనకి ఊర్లెన్ని?"

"నలభై."

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. చివరికి రెండు వేళ్లు నిలబెట్టి చూసింది. "ఏడాదికి రెండా?"

"రెండు."

"ఊరికేనే?"

"ఊరికేనే."

"బయట పడితే నూనె పారబోద్దాం వన్నూరీ," అన్నాను. "మళ్లా ఆడించి చూద్దాం. చెయ్యెందుకు?"

నా జన్మలో ఇన్ని మాటలు ఒక్కసారి అనలేదు. ఆమె విని, కిటికీ వైపు తిరిగింది. పెరట్లో జనం ఇంకా ఉన్నారు. బిడ్డలు పోయినవాళ్లు ఇళ్లకు వెళ్లడం మానేశారు. గానుగ చుట్టే కూర్చుంటున్నారు, అక్కడే వండుకుంటున్నారు.

"ఈళ్లకి చెప్పు మామా ఆ మాట. ఇరవై ఆరు పీనుగుల్ని మోసినారు. చెయ్యి తియ్యనంటే ముందు నన్నే బండ మీద కూర్చోబెడతారు."

ఆమె మళ్లీ అద్దం వైపు తిరిగింది.

"ఆ రెండూ ఎవురివో ముందే తెలుస్తాదా?"

"తెలీదు."

"తెలీకపోతేనే మేలు. గీయి."

గీశాను.

ఆమె పెరట్లోకి వెళ్లింది. గానుగ వట్టిదే తిప్పి చూస్తున్నారు. భుజం దాకా తిప్పిన రోజున రోకలి పక్కకు ఒరిగినట్టుంది, ఇప్పుడు తిప్పినప్పుడల్లా కిర్రుమంటోంది. నూనె రాయమని ఆమె కేకేసింది. ఒకతను కిటికీ దగ్గరికి వచ్చి, పరీక్షలో మిగిలిన నూనె ఏదైనా ఇవ్వమని నన్ను అడిగాడు. నా దగ్గర అడగొద్దన్నాను. అంతకంటే పెద్ద మాట నాకు రాలేదు.

ఎవరో ఎక్కడినుంచో తెచ్చి రాశారు. ఇప్పుడు చప్పుడు రావడం లేదు.